పార అడిగినవాడు

ఏటా నవంబరు మొదటి ఆదివారం మా మామయ్య స్తామాత్ కారు డిక్కీ మొత్తం ఖాళీ చేసి, చలికాలానికి మళ్ళీ సర్దేవాడు. అడుగున, మంచులో జారకుండా చక్రాలకు వేసే గొలుసులు. వాటి మీద పార, ఇసుక మూట, ముప్ఫై మీటర్ల తాడు. రెండు ఉన్ని దుప్పట్లు. రేకు డబ్బాలో నిలబెట్టిన లావుపాటి కొవ్వొత్తి, తడవకుండా కవర్లో చుట్టిన అగ్గిపెట్టె, ఎండు రొట్టెలు. డ్రైవరు సీటు కింద చిన్న గొడ్డలి.

"ఉత్తర ధ్రువానికా నాన్నా ప్రయాణం?" అని మా ఆయన యావోర్ ఎగతాళి చేసేవాడు.

"లారీలో వెచ్చగా కూచుని తిరిగే మొనగాడివి, నీకేం తెలుస్తుందిరా? నలభై ఏళ్ళు ఈ మైదానంలో ట్రాక్టరు తోలాను. ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు. గాలికి అడ్డం నువ్వొక్కడివే ఉంటావు."

ఆ జనవరిలో దోబ్రిచ్ పట్నం ఆసుపత్రిలో మామయ్యకి కంటి శుక్లాల ఆపరేషన్. మూడు నెలలు ఎదురుచూస్తే దొరికిన తేదీ. యావోర్ లారీతో రొమేనియాలో ఉన్నాడు కాబట్టి నేనే కారు తీశాను. పొద్దున పదింటికి బయల్దేరాం. చక్కగా ఎండ కాస్తోంది. సాయంత్రం దాకా భయం లేదని రేడియోలో చెప్పారు.

అరగంటలో గాలి లేచింది. పొలాల మీద పేరుకున్న మంచంతా లేచొచ్చి రోడ్డు మీద పడింది. ముందు రోడ్డు మీది గీతలు పోయాయి. తర్వాత పక్కన పాతిన గుర్తు కర్రలు పోయాయి. ఆ తర్వాత మా కారు ముక్కే కనబడలేదు. మెత్తటి దేంట్లోకో దూరినట్టు ఆగిపోయాం. పట్టపగలు... కానీ చుట్టూ పాలు ఒలకబోసినట్టు తెలుపు. ఫోన్లకు సిగ్నల్ లేదు.

మామయ్య కంగారు పడలేదు. డిక్కీలోంచి కావలసినవన్నీ లోపలికి తెచ్చుకుని కొవ్వొత్తి వెలిగించాడు.

"ఇంజను గంటకి పది నిమిషాలు నడిపితే చాలు. అద్దం వేలెడు దించే ఉంచు. వెనక పొగగొట్టం మంచుతో పూడిపోయిందంటే ఆ పొగ లోపలికే వస్తుంది. నిద్రలోనే పోతాం. అలా పోయినవాళ్ళని చూశానమ్మాయ్... ముఖాలు చెర్రీ పళ్ళలా ఎర్రగా ఉంటాయి, బతికున్నవాళ్ళకంటే కళగా."

తాడు ఒక కొస స్టీరింగుకి కట్టి, అద్దం సందులోంచి బయటకి తీసి, రెండో కొస తన నడుముకి కట్టుకున్నాడు. "రెండడుగులు వేస్తే కారు కనబడదు. మూడుసార్లు లాగానంటే వస్తున్నానని."

వెళ్ళి పొగగొట్టం తవ్వాడు. మూడుసార్లు లాగి తిరిగొచ్చాడు.

"మన ముందు ఇంకో కారుంది. పాతది. పైకప్పు దాకా కూరుకుపోయింది. లోపల్నించి ఎవరో అద్దం తడుతున్నారు."

"ఎవరు మామయ్యా?"

"ఈ కళ్ళకేం కనబడి చచ్చింది! చెయ్యొకటి మసకమసగ్గా... పక్కన ఇంకెవరో ఉన్నట్టే ఉంది."

"మీరు మళ్ళీ వెళ్ళొద్దు. మంచు తోసే బండి వస్తుంది."

"లోపల మనుషులుంటే బండి కోసం చూస్తూ కూచుంటామా?"

పార తీసుకుని వెళ్ళాడు. తాడు జరజరా సాగి... ఆగింది. గాలి ఊళ వేస్తోంది. దూరంగా పార చప్పుడు. తర్వాత అద్దం పగిలిన చప్పుడు. తర్వాత ఒక గొంతు, ఏదో అడుగుతున్నట్టు. ఆపైన ఏమీ లేదు.

చాలాసేపటికి వెనక తలుపు తెరుచుకుంది. ఒళ్ళంతా మంచు, మెడ చుట్టూ గుడ్డ, చేతిలో మా పార. తలుపు వేసుకుని నా వెనక కూచున్నాడు. తడి మట్టి వాసన. దాని వెనక పాత పొగ వాసన.

"ఎవరున్నారు మామయ్యా?"

పారని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు.

"దుప్పటి ఇవ్వనా?"

"కొవ్వొత్తి ఆర్పు..." గుసగుసగా అన్నాడు. "అద్దం మూసెయ్."

మామయ్య ఆ మాట అనడు. చచ్చినా అనడు.

అప్పుడు స్టీరింగు దగ్గర తాడు కదిలింది. బయట నుంచి. ఒకసారి... రెండుసార్లు... మూడు.

పైనున్న అద్దంలోకి చూశాను. వాడి నడుముకి తాడు లేదు. గుడ్డ పైన ముఖం చెర్రీ పండులా ఎర్రగా ఉంది. రెప్పల మీద మంచు కరగడం లేదు.

తలుపు మీద చెయ్యి వేసేలోపే వాడు నా జుట్టు పట్టుకున్నాడు. తలని సీటు మీంచి వెనక్కి విరిచాడు. రెండో చేతి వేళ్ళు నా నోట్లో దూరాయి. ఇనప కడ్డీల్లా ఉన్నాయి... ఆ చల్లదనానికి నాలుక అంటుకుపోయింది. కొరికాను. వాడికి రక్తం రాలేదు. నా పెదవి చర్మమే ఊడొచ్చింది. సీటు కిందకి చెయ్యి పోనిచ్చి గొడ్డలి అందుకున్నాను. గుడ్డిగా వెనక్కి కొట్టాను. ఎముక పగిలింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ. జుట్టు వదిలాడు. పార అంచు నా భుజం మీద దిగింది. కోటు చీరి, కండ చీరి, ఎముకకు తగిలి ఆగింది.

తలుపు తన్ని బయట పడ్డాను. గొడ్డలి వదల్లేదు. తాడు పట్టుకుని ఒక చేత్తోనే పాకాను. వెనక అడుగులు... కిర్రు... కిర్రు... వాటికి తొందర లేదు.

తాడు చివర మామయ్య. పగిలిన కారద్దం పక్కన వెల్లకిలా పడున్నాడు. నుదుటి నుంచి దవడ దాకా ముఖం చీలిపోయింది. ఒక కన్ను లేదు.

"పార అడిగాడమ్మాయ్..." నోట్లో రక్తం బుడగలు. "పాపం, బయటికి రావడానికనుకున్నా... చేతికిచ్చాను."

అడుగులు ఆగాయి. ఆ తెల్లదనంలోంచి పార పైకి లేచింది.

మామయ్య దొర్లి, వాడి కాలికి తాడు చుట్టి, రెండు చేతులా లాగాడు. వాడు కూలాడు. నేను మీద పడి మెడ మీద కొట్టాను. ఎన్ని దెబ్బలో తెలియదు. ఏడుస్తూ కొట్టాను, తిడుతూ కొట్టాను. గడ్డకట్టిన కట్టెను నరుకుతున్నట్టే ఉంది. తల సగం తెగి పక్కకి వాలింది. అయినా ఆ పెదాలు కదిలాయి.

"చలి..."

మళ్ళీ కొట్టాను. గొడ్డలి నేలకి తగిలింది. కింద మంచు తప్ప ఏమీ లేదు.

మామయ్యకి గాలి తగలకుండా మీద పడుకున్నాను. అంతవరకే గుర్తుంది.

ఆయన బతికాడు. మిగిలిన కంటికి ఆపరేషన్ తర్వాత చేస్తామన్నారు. అక్కడ మా కారు తప్ప మరో కారు లేదని పోలీసులు అన్నారు. మమ్మల్ని నరికింది ఎవరని వచ్చిన ప్రతిసారీ అడుగుతూనే ఉన్నారు.

ఐదో రోజు మధ్యాహ్నం, మంచు తోసే బండి డ్రైవరు సబ్రీ చూడటానికి వచ్చాడు. చేతిలో నారింజ పళ్ళ సంచులు రెండు.

"ఇది నీకూ మీ మామయ్యకీ చెల్లెమ్మా. ఇది ఆవిడకి."

"ఏ ఆవిడకి?"

"అదేంటమ్మా, మీతో ఉన్నావిడ! ఆవిడ రోడ్డుకి అడ్డం నిలబడి చెయ్యి ఊపకపోతే మీ ఇద్దరినీ తొక్కేసేవాణ్ణి. నా పక్కనే కూచోబెట్టుకొచ్చా. హీటరు పెంచబోతే వద్దని సైగ చేసింది. ఒక్క మాట మాట్లాడలేదు, పాపం. మీ వెనకాలే ఆసుపత్రిలోకి నడిచొచ్చింది. తగ్గిందా? ఏ గదిలో ఉంది?"

నా గదిలో మూడు మంచాలు. కిటికీ పక్కది నాది. తలుపు పక్కది ఖాళీ. మధ్య మంచం మీద, నేను కళ్ళు తెరిచిన రోజు నుంచీ, ఎవరో తల నిండా దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నారు. ఈ ఐదు రోజుల్లో ఏ నర్సూ ఆ మంచం దగ్గర ఆగడం నేను చూడలేదు.