ఆవిరిగదిలో ఎర

"ఇంజినీర్ పెల్కొనెన్ సోమవారం కోర్టులో నోరు విప్పాలి. అంతవరకు బతికుండాలి. అదే నీ మిషన్," అన్నాడు చీఫ్ కల్లియో.

ఏజెంట్ ఓస్మో ఫైలు మూశాడు. సముద్రం అడుగున వేసిన కేబుళ్ళ నక్షాలను పరాయి దేశానికి అమ్మే ముఠాకి హెల్సింకీ ఆఫీసులో 'జలగ' అని పేరు. దాని మీద సాక్ష్యం చెప్పాల్సిన ఒక పెద్దమనిషి కిందటి నెలే ఆవిరిగదిలో కుప్పకూలాడు. ఒంటి మీద గీత లేదు. పోస్ట్‌మార్టమ్‌లో విషం లేదు.

"మళ్ళీ వస్తారు. రానివ్వు. వచ్చాక పట్టుకో."

"అంటే ముసలాయన ఎర."

"ఆయనతో అనకు. తెలిస్తే నటించలేడు. ఇంతకీ నీ ఒంట్లో ఎలా ఉంది?"

"రాయిలా ఉన్నాను సార్."

అబద్ధం. బీపీ ఉందని తెలిస్తే ఫీల్డు నుంచి పీకి కుర్చీలో కూలేస్తారు. అందుకే ఓస్మో గడ్డం అంటించుకుని, దొంగపేరుతో పక్క ఊరి డాక్టరు దగ్గర ఫెలోడిపిన్ మాత్రలు రాయించుకున్నాడు. రక్తనాళాల కండరంలోకి కాల్షియం చొరబడితే నాళాలు బిగుసుకుంటాయనీ, ఈ మాత్ర ఆ దారికి అడ్డం పడి వాటిని సడలిస్తుందనీ ఆ డాక్టరు ఓపికగా చెప్పాడు. తిండి గురించి కూడా ఏదో చెప్పబోయాడు గానీ, గడ్డం ఊడేలా ఉండటంతో ఓస్మో సగం వినీ వినక బయటపడ్డాడు.

సరస్సు ఒడ్డున చెక్క ఇల్లు. పెల్కొనెన్‌కి ఓస్మో కాపలా మనిషని తెలుసు, అంతవరకే తెలుసు. చేపల రొట్టె కోసినప్పుడల్లా కరకరలాడే అంచు ముక్క ఓస్మో పళ్ళెంలో వేసేవాడు. "తిను అబ్బాయ్, నా కోసం నిద్ర మానుకుంటున్నావు." ఓస్మో తల వంచుకుని ఆ ముక్క తినేవాడు. ఇంత మంచివాణ్ణి గాలానికి గుచ్చి కూర్చున్నానే అని తనమీద తనకే రోత పుట్టేది.

నర్సు ఉల్రీకాను డిపార్ట్‌మెంటే పంపింది. ఆకుపచ్చ గౌనులో ఆమె నడిచి వస్తుంటే ఓస్మో తూటాల లెక్క తప్పేవాడు. పొద్దున్నే పెద్దాయనకి బీపీ మాత్ర ఇచ్చేది, ఓస్మో చాటుగా మింగే ఫెలోడిపినే. సాయంత్రం ఆవిరిస్నానం వేళకి లోంకెరో కలిపేది. జిన్నులో పంపరపనసకి చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ రసం, అదీ అప్పటికప్పుడు పిండింది. ఓస్మో తన ఉంగరం అందులో ముంచేవాడు. విషముంటే ఎర్రగా వెలిగే ఉంగరం పచ్చగానే వెలిగేది. పైగా ఆమే ముందు తాగేది. ఆ తర్వాత ఓస్మో ఒక గ్లాసు తాను తీసుకుని, ఒకటి పెద్దాయనకి స్వయంగా అందించేవాడు.

మూడో రోజు పెద్దాయన గోడ పట్టుకున్నాడు. "కళ్ళు తిరుగుతున్నాయి అబ్బాయ్."

"ఆవిరి ఎక్కువైందండీ," అంది ఉల్రీకా తీయగా.

ఆదివారం సాయంత్రం ఆమె పెద్ద జగ్గు నిండా కలిపింది. ఓస్మో గ్లాసు అందించాడు, పెద్దాయన దాన్ని పట్టుకుని ఆవిరిగదిలోకి వెళ్ళాడు. ఓస్మో బూట్లు విప్పుకోవడానికి వంగాడు. మేజోడు పట్టీ చీలమండలో లోతుగా గాడి పెట్టింది. కాళ్ళు వాచాయి. లేవబోతే తల గిర్రున తిరిగింది.

ఇందాక లోపలికి వెళ్తుంటే చూశాడు, పెద్దాయన కాళ్ళూ అలాగే వాచి ఉన్నాయి. అదే జగ్గులోది తాగిన ఉల్రీకా మాత్రం నిక్షేపంగా ఉంది. తామిద్దరికీ ఉండి ఆమెకి లేనిదేమిటి?

మాత్ర.

అప్పుడు గుర్తొచ్చింది ఆ డాక్టరు దగ్గర వినీ వినని మాట. గ్రేప్‌ఫ్రూట్ జోలికి పోవద్దు, అది పేగుల్లోనే ఈ మందు నశించకుండా ఆపుతుంది, ఒక్క మాత్ర రెండు మూడు మాత్రల పెట్టు అవుతుంది. దానికి జిన్ను, ఆవిరి తోడైతే ముసలి గుండెకి ప్రెషర్ పాతాళానికి పడిపోతుంది. విషం ఎక్కడా లేదు. రోజూ చావుని అందిస్తున్నది తన చెయ్యే.

తూలుతూ తలుపు తోశాడు. గ్లాసు పెద్దాయన పెదవికి తగిలింది. ఓస్మో చాచి కొట్టాడు. గ్లాసు గోడకి తగిలి పగిలింది.

"పాపం, మంచి జిన్ను," అంది వెనకనుంచి ఉల్రీకా. చేతిలో ఆవిరిస్నానంలో ఒళ్ళు చరుచుకునే భూర్జ కొమ్మల కట్ట, అందులోంచి పిస్టల్ గొట్టం. "ఉంగరం పచ్చగానే వెలిగిందిగా. నీకెలా తెలిసింది?"

"నా కాళ్ళు చెప్పాయి."

చేతికందింది బకెట్టే. నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆవిరిపొయ్యిలో కాలుతున్న రాళ్ళమీద కుమ్మరించాడు. బుస్సుమని లేచిన ఆవిరి ఉల్రీకా ముఖాన్ని కమ్మేసింది. తూటా పైకప్పులోకి పోయింది. పెద్దాయన ఖాళీ బకెట్టు అందుకుని, కనపడకపోయినా, కొట్టవలసిన చోటే కొట్టాడు.

ఓస్మో నేలమీద పడుకునే ఫోను తీశాడు. "కట్టెలు తడిశాయి," అన్నాడు. మనుషుల్ని పంపమని దాని అర్థం.

సోమవారం పెల్కొనెన్ నోరు విప్పాడు. ఎలా కనిపెట్టావని చీఫ్ అడిగితే ఓస్మో మేజోడు కిందకి దించి చూపించాడు. బీపీ సంగతి బయటపడి ఫీల్డు ఉద్యోగం ఆ రోజే పోయింది.

శనివారం పెద్దాయన ఆవిరిస్నానానికి పిలిచాడు. లోపల ఆయన రాళ్ళమీద నీళ్ళు చల్లాడు.

"నేను ఎరనని కోర్టులో తెలిసింది. నీకు ముందే తెలుసా?"

"తెలుసు. తెలిసే మీ రొట్టె తిన్నాను. సిగ్గుగా ఉంది."

ఓస్మో మజ్జిగ గ్లాసు అందించాడు. ఆయన తీసుకోలేదు.

"ముందు నువ్వు తాగు."

ఓస్మో తల దించుకుని సగం తాగాడు. పెద్దాయన వంగి అతని చీలమండలు నొక్కి చూసి, మిగతా సగం లాక్కున్నాడు.

"రాయిలాంటి వాళ్ళు తాగి చూపిస్తే నేను నమ్మను అబ్బాయ్. నీలాంటి రోగిష్టోడు తాగితేనే నాకు ధైర్యం."