వాసన లేని ఇల్లు

బుజ్జిగాడు ఏడుపు అందుకునేసరికి చిన్న ఓనరు అప్పటికే చేతులు కడుక్కుని మెట్లు దిగుతోంది. పై గదిలోంచి తల్లి కేకేసింది.

"ఏమే, వాడు గొంతు చించుకుంటున్నాడు. ఒక్కసారి ఎత్తుకుని పోవే!"

"ఇప్పుడేగా పాలిచ్చాను. ఆకలి కాదులే. నువ్వే ఎత్తుకో అమ్మా, నేను వాసన చూడాలి."

కింద కొట్టు, పైన కాపురం. భర్త తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళిపోతాడు. ద్రాక్ష వైన్ తప్ప మరేదీ అమ్మని ఆ కొట్టుకు తండ్రి పోయినప్పటి నుంచి ఆమే యజమాని. అయినా వీధిలో అందరూ ఇప్పటికీ చిన్న ఓనరనే అంటారు, పెద్ద ఓనరు ఏదో పని మీద లోపలికి వెళ్ళినట్టు. ఆయన పోయిన వారానికే వీడు పుట్టాడు. తనివితీరా ఏడవడానికీ తీరిక దొరకలేదు, సంతోషించడానికీ దొరకలేదు.

ఏటా ఈ రోజుల్లో కొత్త సీసాలు దిగుతాయి. వాటిలో మనసుకు నచ్చిన మూడు ఏరి ముందరి అద్దాల అరలో పెట్టడం ఆ కొట్టు ఆనవాయితీ. పెద్ద ఓనరు ముక్కు అబద్ధం చెప్పదని ఆ మూడింటి కోసమే వచ్చేవాళ్ళున్నారు. ఆ ముక్కు కూతురికి వచ్చిందో లేదో ఈసారి తేలిపోతుంది. పాలిచ్చే తల్లి గనక గుక్కెడు కూడా తాగడానికి లేదు, వాసన ఒక్కటే ఆధారం. అందుకే తండ్రి నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తోంది. ఇంట్లో వాసన సబ్బు లేదు, పౌడరు లేదు. పాలివ్వడం అయిందంటే చాలు, బిడ్డను తల్లి చేతిలో పెట్టి, బట్టలు మార్చుకుని మరీ కిందికి దిగుతుంది. ముక్కు మీద కోపం చాలామందికి ఉంటుంది గాని, ఆ ఇంట్లో సంసారమంతా ముక్కు మీదే నడిచింది.

కొట్లో బల్ల చివర ఆయన స్టూలు అలాగే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు. ఆమె గ్లాసు తిప్పినప్పుడల్లా అరల వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టు అవుతుంది, తొందరపడుతున్నావు అన్నట్టు. తిరిగి చూస్తే సీసాలు తప్ప ఎవరూ ఉండరు.

రెండు వైన్లు అప్పటికే ఏరింది. ఒకటి అప్పుడే కోసిన బేరిపండులా ఉంది, ఇంకోటి వాన పడ్డ రాతిలా. మూడోది ఆ పొద్దున్నే తెరిచింది. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకుందో లేదో, చటుక్కున తలుపు వైపు తిరిగింది. అది తడిసిన ఉన్ని కోటు వాసన. వానలో తడిసి వచ్చి, తలుపు వెనక కోటు తగిలిస్తున్న తండ్రి వాసన.

"నాన్నా," అంది పైకే.

పైన ఏడుపు ఆగలేదు. ఆమెకు వినపడలేదు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ మళ్ళీ పీలుస్తూ ఉండిపోయింది. తల్లి బిడ్డను భుజాన వేసుకుని కొట్లోకి వచ్చేసింది. బిడ్డ ఆ గడప దాటడం అదే మొదలు.

"అమ్మా! వాణ్ణి ఇక్కడికి తేవద్దన్నానా!" అంటూ ఆమె అరచేతితో గ్లాసు మూసింది.

తల్లి ఆ చేతినే చూస్తూ నిలబడింది.

"కన్నబిడ్డ వస్తే గ్లాసు దాచుకుంటున్నావటే?"

"వాసన చెడిపోతుందమ్మా. ఈ ఒక్కటీ తేలితే చాలు, కొట్టు పరువు నిలబడుతుంది. ఆ తర్వాత వాణ్ణి దించను."

"ఆయనా ఇదే అన్నాడు. ఆ తర్వాత, ఆ తర్వాత అనే అన్నాడు. ఆ చెయ్యి కూడా అచ్చం ఆయనదే." తల్లి బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. "ఆయన పని చెడుతుందని ఇన్నేళ్ళూ వాసన లేని మనిషిగా బతికాను. ఆయన పోయాక ఒక మంచి సబ్బు కొనుక్కున్నాను. కాగితం కూడా విప్పలేదే. మెట్ల మీద నిలబడి తిడతాడేమోనని భయం. నిన్ను ఆయన ఎత్తుకున్నది ఒక్కసారి, తెలుసా?"

"తెలుసు. నేనంటే ఇష్టం లేదుగా."

"ఇష్టం లేకా! అప్పటికి నీకు నెల కూడా నిండలేదు. నీ మాడు మీద ముక్కు పెట్టి పీల్చాడు. కిందికి వచ్చి ఏ సీసా తెరిచినా నీ వాసనే వచ్చిందట. ఆ రోజు కొట్టు మూసేశాడు. పైకొచ్చి, 'దీన్ని నా దగ్గరికి తేకు, నాకు ఇంకేమీ తెలియడం లేదు' అన్నాడు. భయపడ్డాడే పిచ్చిదానా. ఆ భయమే అలవాటైపోయింది. పోయే ముందు రోజు నీ కడుపు చూసి, 'ఈసారైనా ఎత్తుకోవాలి' అన్నాడు. ఏదీ, ఎత్తుకున్నాడా?"

చిన్న ఓనరు చెయ్యి గ్లాసు మీద నుంచి జారిపోయింది.

"వాణ్ణి ఇలా ఇవ్వు," అంది.

బిడ్డను గుండెకు హత్తుకుని మాడు మీద ముక్కు ఆనించింది. వెచ్చగా, పాలు పొంగిన గదిలా ఉన్నాడు. పుట్టిన ఇన్నాళ్ళకు కన్నకొడుకు వాసన చూస్తున్నానని తెలిసి ఆమెకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి ఒక చేత్తో గ్లాసు అందుకుని పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"పోయిందమ్మా. నాన్న కోటు వాసన పోయింది. అంతా వీడే."

తల్లి గ్లాసు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఎక్కడికి పోతాడే మీ నాన్న," అంది కన్నీళ్ళతో. "నాకు వస్తున్నాడు."

బుజ్జిగాడు ఏడుపు ఆపి బల్ల చివర వైపు కన్నార్పకుండా చూస్తున్నాడు. అరల వెనక చప్పుడు లేదు. చిన్న ఓనరు వాణ్ణి ఎత్తుకుని వెళ్ళి, వాడి తలను ఆ ఖాళీ స్టూలు వైపు మెల్లగా వంచింది.

"వాసన చూడు నాన్నా, నీ మనవడు. ఇవాళ కొట్టు మూసినా పర్వాలేదు."

బయట ఎవరో తలుపు తట్టారు. తల్లి కళ్ళు తుడుచుకుని వెళ్ళి, ఇవాళ కొట్టు లేదని చెప్పి వచ్చింది.