రాత్రికి పూడే గొయ్యి

ఆ వీధి చివరి మూల స్థలానికి చెడ్డపేరు ఉంది. అక్కడ పగలు తవ్విన గొయ్యి రాత్రికి రాత్రి పూడిపోతుందట. ఇల్లు కడదామని వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పలుగూ పారా సర్దుకుని పోయారు. నేల తన నోరు తనే మూసుకుంటుందని ఒకరంటే, లోపలున్నది మూయిస్తుందని ఇంకొకరు. ఆ లోపలున్నది ఏమిటయ్యా అంటే మాత్రం అందరూ మాట మార్చేవాళ్లే...

అలాంటి స్థలాన్ని ఏరికోరి కొన్నారు మట్టి డాక్టరు చెల్లెలూ, ఆమె మొగుడూ.

మట్టి డాక్టరంటే జనం పెట్టిన పేరులెండి. పునాది పోసేముందు నేల బరువు మోస్తుందో లేదో చూసి చెప్పడం ఆయన పని. చిటికెడు మట్టి తడిపి, అరచేతుల మధ్య తాడులా నులిమి, నాడి చూస్తున్నట్టు కళ్లు మూసుకుంటాడు. దెయ్యాలంటే నవ్వుతాడు. పగలు మాత్రమే నవ్వుతాడని వాళ్లావిడ అంటుంది.

ఆ స్థలంలో పైనంతా నల్లమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. దాని మీద పునాది పోస్తే గోడలు నిలువునా చీలతాయి. కింద గట్టినేల ఎంత లోతులో ఉందో తేల్చాలి. అందుకని నిలువెత్తు గొయ్యి తవ్వించి, అడుగున నీళ్లు పోయించి, ఎంత పీల్చుకుందో పొద్దున్నే చూద్దామని వెళ్లాడు. పొద్దున వచ్చేసరికి గొయ్యి లేదు. నేల నున్నగా ఉంది... ఎవరో కాళ్లతో తొక్కినట్టు.

మళ్లీ తవ్వించాడు. మళ్లీ పూడింది. కూలీలు ముఖముఖాలు చూసుకున్నారు. ఇంకొక్కసారి తవ్వుతాం, అదీ పూడితే మా దారి మాదేనని మేస్త్రీ తేల్చేశాడు.

చెల్లెలికి ఏడుపొక్కటే తక్కువ. నిండు చూలాలు. అద్దె ఇల్లు ఖాళీ చేయమని ఇంటివాళ్లు తరుముతున్నారు. ముందుంది వానాకాలం.

"అన్నయ్యా, మట్టి చూడకుండానే పునాది పోసేస్తే ఏమవుతుంది?" అని అడిగింది.

ఆయన ఆమె కడుపు వంక చూశాడు. రేపు ఆ గోడల కింద పసిబిడ్డను పడుకోబెట్టేది ఆమే కదా. ఈ రాత్రికి నేనే కాపలా ఉంటానన్నాడు. అన్నాడే గానీ, అన్నప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవలేదు.

గొయ్యి మూడోసారి తవ్వించి, చీకటి పడ్డాక ఇటుకల దొంతి వెనక కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. టార్చి వెలుగుతుంటే ఆ వచ్చేది రాదేమోనని ఆర్పేశాడు... ఆర్పితే వచ్చేస్తుందేమోనని వెలిగించాడు. చివరికి ఆర్పి జేబులో పెట్టుకుని తనను తానే తిట్టుకున్నాడు. పక్కింట్లో ఇస్త్రీ చేసుకునే ఆవిడ ఉంది, పగలు కూలీలకు మంచినీళ్లిచ్చేది ఆవిడే. ఆమె దీపం కూడా ఆరిపోయింది. ఇక వీధంతా చీకటి.

అప్పుడు... సర్రుమని ఒక చప్పుడు.

ఆగింది. మళ్లీ — సర్ర్... దబ్.

గోతి పక్కన పోసిన మట్టికుప్ప దానంతటదే కదులుతోంది. మనిషి కనపడడు. పార కనపడదు. కుప్ప మాత్రం కొంచెం కొంచెంగా గోతిలోకి జారుతోంది.

పారిపోదామంటే చెల్లెలి ముఖం అడ్డొచ్చింది. ఎలాగో నాలుగడుగులు వేసి ఎవరని అడిగాడు గానీ, ఆ గొంతు ఆయనకే వినపడలేదు. కుప్ప వెనక తెల్లగా ఏదో పైకి లేచింది — బిక్కచచ్చి పక్కకు జరిగాడు. కాలి కింద నేల లేదు.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. మట్టి డాక్టరు వెల్లకిలా పడ్డాడు. చీలమండ బెణికి లేవలేకపోయాడు. పైనుంచి మట్టి... ముఖం మీద, నోట్లో, ఛాతీ మీద. ఊపిరి తీసుకునేలోపు ఇంకో పార.

"అమ్మా..." అని అరిచాడు, అంత వయసొచ్చినవాడు పసివాడిలా.

మట్టి ఆగింది.

తర్వాత గోతి అంచున ఒక తల వంగింది. జుట్టు విరబోసుకుని ఉంది. గుసగుసగా —

"మళ్లీ పిలువు, నాన్నా..."

ఆయన ఎలాగో ఒంటికాలి మీద లేచి గోతి గోడకు అతుక్కుపోయాడు. చీకట్లోంచి ఒక చెయ్యి కిందికి దిగి ఆయన చేతికి తగిలింది. వెచ్చగా ఉంది. ఏమైతే అదవుతుందని పట్టుకున్నాడు. పైకి లాగింది. టార్చి వేసి చూస్తే — ఇస్త్రీ ఆవిడ! తెల్ల దుప్పటి కప్పుకుని, పక్కన పార పడేసి, గసపోస్తూ కూర్చుంది.

కాసేపటికి ఆవిడే చెప్పింది. చాలా ఏళ్ల కిందట కూడా మట్టి చూడ్డానికే ఎవరో ఇక్కడ గొయ్యి తవ్వారట. పొద్దున్నే మళ్లీ దిగాలి కదా అని చుట్టూ తాడైనా కట్టకుండా పోయారు. రాత్రి వాన పడి గొయ్యి నిండింది. తెల్లవారుజామున బంతి వెతుక్కుంటూ ఆవిడ కొడుకు వెళ్లాడు. అంతే. ఆనాటి నుంచీ ఇక్కడ గొయ్యి తెరిచి ఉంటే ఆవిడకు కంటిమీద కునుకు ఉండదు, ఎవరు తవ్వినా రాత్రికి రాత్రి తనే పూడ్చేస్తుంది. లోపల మనిషి ఉన్నాడని చీకట్లో చూసుకోలేదని, క్షమించమని ఆయన చెయ్యి పట్టుకుని బతిమాలింది.

మట్టి డాక్టరు తన గోతి వంక చూశాడు. చుట్టూ తాడు లేదు, ఒక కర్రైనా లేదు. సిగ్గుతో తల వాలిపోయింది. తెల్లారగానే కంచె కట్టిస్తానని, పైన చెక్కలు వేయిస్తానని ఒట్టేసి చెప్పాడు.

ఆవిడ తలూపింది. ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.

"నువ్వు పిలిస్తే వినపడింది బాబూ. వాడూ పిలిచే ఉంటాడు కదా... నాకెందుకు వినపడలేదు?"

ఆయన తన రెండో చెయ్యి ఆవిడ చేతి మీద వేశాడు. కూలీలు వచ్చేసరికి గొయ్యి తెరిచే ఉంది. దాని పక్కన ఇద్దరూ ఇంకా అలాగే చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నారు.