రెండు సీట్లూ ఒక దగ్గూ

"హలో, ఒట్టో కుబిచెక్ గారేనా మాట్లాడేది?"

టేట్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒట్టో కుబిచెక్ అతని తాత. ఆయన పోయి ఏడాది దాటింది.

వంటింటి గోడకున్న ఆ పాత ఫోను మోగిందంటే అవతల ఉండేది యూనివర్సిటీ టికెట్ ఆఫీసే. వాళ్ల దగ్గరున్నది ఆ నంబరొక్కటే. అందుకే టేట్ దాన్ని తీయించెయ్యలేదు, మోగితే ఎత్తడానికీ ధైర్యం చాలదు. ఆరోజు పెయింట్ల షాపు నుంచి వచ్చి, ఆకలి మీద పరధ్యానంగా ఎత్తేశాడు.

"నేనే. ఎవరూ?" అన్నాడు. అన్నాక తెలిసింది, తాత గొంతుతో అన్నాడని. వెనకే ఒక దగ్గు కూడా దగ్గాడు. ఒట్టో తాత దగ్గు మా హాల్డెన్ ఊళ్లో అందరికీ తెలిసిందే, పాత ట్రాక్టరు స్టార్ట్ అవుతున్నట్టుండేది.

"నా పేరు బ్రిన్ అండీ. టికెట్ ఆఫీసులో కొత్తగా చేరాను. చాలా ఏళ్ల నుంచి సీజన్ టికెట్లున్నవాళ్లని ఒకసారి పలకరిద్దామని."

"పలకరించావుగా. ఇక పెట్టెయ్."

అవతల నవ్వింది. భయంతో బిక్కచచ్చిపోయి ఉన్నా, ఆ నవ్వు బావుందని టేట్‌కి అనిపించింది. అక్కడే మొదలైంది తంటా అంతా.

ఇక్కడ సంగతి ఒక ముక్క చెప్పాలి. శరత్కాలంలో శనివారం వచ్చిందంటే మా ఊరు ఊరంతా స్టేడియంలో ఉంటుంది. మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ పేరు క్రేన్స్, అంటే కొంగలు. ఆడేదీ అలాగే, సగం రోజులు ఒంటికాలి మీద నిలబడి చూస్తారు. అయినా సీటు దొరకదు. విడాకుల కోర్టులో పిల్లలు ఎవరి దగ్గరుండాలో ఒక పూటలో తేలిపోతుంది, సీట్లెవరివో మాత్రం ఏళ్లు గడిచినా తేలదు. టికెట్లున్నవాడు పోతే అవి భార్యకి వెళ్తాయి. భార్య లేకపోతే అంతే, కొడుక్కీ రావు, మనవడికీ రావు. వెయిటింగ్ లిస్టులో ముందున్నవాడికి పోతాయి.

అందుకని మా ఊళ్లో పోయినవాళ్లందరూ పూర్తిగా పోరు. ప్రతి వసంతంలోనూ టికెట్లు రెన్యూ చేస్తూనే ఉంటారు.

ఒట్టో తాత భార్య ఎప్పుడో పోయింది. చిన్నప్పుడే తల్లీతండ్రీ లేకుండా పోయిన టేట్‌ని ఆయనే పెంచాడు, ఆ రెండు సీట్లలోనే పెంచాడంటే సరిపోతుంది. ఆఖరి రోజుల్లో మనవడి చెయ్యి పట్టుకుని, "పేపర్లో వేయించకు. చర్చిలో గంట కొట్టించకు. సీట్లు పోతాయిరా," అన్నాడు. టేట్ అలాగే చేశాడు. తాత పుట్టిన పల్లెకు తీసుకెళ్లి, ఒక పాస్టరూ నలుగురు దూరపు చుట్టాలూ చూస్తుండగా సాగనంపాడు. ఊళ్లోకి వచ్చి, "తాతకి ఒంట్లో బాలేదు, ఎవర్నీ చూడటం లేదు," అన్నాడు. అప్పట్నుంచి తాత కోసం ఒక్కసారి కూడా గట్టిగా ఏడవలేదు. ఏడిస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారు.

మరుసటి వారం బ్రిన్ మళ్లీ చేసింది.

"ఒట్టో గారూ, మీరు చూసినవాటిలో మరిచిపోలేని ఆట ఏది?"

"మంచు పడ్డ ఆట. బంతి కనపళ్లేదు, మనవాళ్లూ కనపళ్లేదు. మేం గెలిచామని మర్నాడు పేపర్లో చూసి తెలుసుకున్నా."

"నిజంగానా?"

"నీకెందుకు అబద్ధం చెప్తానమ్మాయ్," అన్నాడు టేట్. ఆ మాటకి అతనికే ముచ్చెమటలు పట్టాయి.

ఆఫీసు పని కోసం ఆమె చేసే ఫోన్లు కాస్తా ఊరికే చేసేవయ్యాయి. పని నుంచి రాగానే టేట్ వంటింట్లోనే కూర్చోవడం మొదలుపెట్టాడు. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. తాత కబుర్లన్నీ ఒక్కొక్కటే తాత గొంతుతో చెప్పుకుంటూ పోయేవాడు. ఆమె అడ్డమైనదానికల్లా నవ్వేది. పెట్టేశాక తన మామూలు గొంతుతో "బ్రిన్" అని ఒకసారి అనుకునేవాడు. ఆమెకు ఆ గొంతు తెలియదు, తెలిస్తే ఆ క్షణంలో అన్నీ అయిపోతాయి.

మే నెలలో బాంబు పడింది.

"ఒట్టో గారూ, శుభవార్త. యాభై ఏళ్లుగా టికెట్లున్న వాళ్లని మొదటి ఆట రోజు మైదానం మధ్యలో నిలబెట్టి సన్మానిస్తారట. మీ పేరు ఇచ్చాను."

"నా మోకాళ్లు..."

"వీల్‌చెయిర్ పంపిస్తాం."

"నా దగ్గు..."

"అది కూడా తెచ్చుకోండి. జాకెట్ ఇవ్వాలి, కొలత చూడాలి. గురువారం మీ ఇంటికొస్తున్నా."

గురువారం వాన కుండపోతగా కురిసింది. ఈ వానలో రాదులే అని టేట్ వంద దేవుళ్లకు మొక్కుకున్నాడు. సరిగ్గా ఆ సమయానికే తలుపు చప్పుడైంది. గొడుగు తిరగబడిపోయి, జుట్టులోంచి నీళ్లు కారుతూ, ఎర్ర జాకెట్ ఉన్న కవరును మాత్రం పసిపాపలా గుండెకు హత్తుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. "ఎవరూ?" అన్నాడు టేట్.

"మీరు మనవడనుకుంటా. తాతగారి గొంతే."

"కాదు," అన్నాడు టేట్ సన్నగా. గొంతు మార్చబోయి మరీ పిల్లిలా అన్నాడు. "అంటే, మనవణ్నే. గొంతు కాదు. తాత పడుకున్నాడు."

"లేచేదాకా కూర్చుంటాను. వాన కూడా తగ్గాలిగా."

చేసేది లేక మాంసమూ చిక్కుడుగింజలూ వేసి వండిన చిల్లీ వేడిచేసి, పక్కన తియ్యటి దాల్చినచెక్క రోల్ పెట్టి ఇచ్చాడు. ఆమె రోల్‌ని చిల్లీలో ముంచుకుని తింది. తాత కూడా అలాగే తినేవాడు. టేట్ చూపు తిప్పుకోలేకపోయాడు.

"ఏంటలా చూస్తున్నారు?"

"మూతికంటింది."

"ఎక్కడ?"

"ఎక్కడా లేదు," అని ఒప్పుకున్నాడు. ఆమె నవ్వి, తర్వాత కొక్కేనికి వేలాడుతున్న తాత టోపీ వంక చూసింది. చాలాసేపు చూసింది.

"మా నాన్నకి కూడా అలాంటి టోపీ ఉంది," అంది. "టైర్ల షాపు ఆయనది. వెర్లిన్ లిండ్‌హోమ్. నేను పుట్టిన వారమే లిస్టులో పేరు రాయించాడు. ఆసుపత్రి నుంచి నన్ను ఇంటికి తీసుకెళ్తూ దారిలో ఆగాడని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఇన్నేళ్లూ స్టేడియం బయట, ట్రక్కులో కూర్చుని రేడియోలో వింటాడు. లోపలివాళ్లు అరిచాక రెండు సెకన్లకి ఆయనకి తెలుస్తుంది."

"ఇప్పుడు లిస్టులో ఎక్కడున్నాడు?"

"అందరికన్నా ముందు. ఈ ఏడు ఎవరూ వదులుకోలేదు. ఎవరైనా ఒక్కరు వదిలితే చాలు." ఆమె లేచింది. "ఆయన గుండె కూడా అంత బాగుండట్లేదు. అందుకే నాకు భయం."

ఇన్నాళ్లూ లిస్టు అంటే ముఖం లేని ఎవరో. ఇప్పుడు దానికి ఒక టోపీ వచ్చింది, ట్రక్కు వచ్చింది, బ్రిన్ కళ్లు కూడా వచ్చాయి.

వాన తగ్గింది. జాకెట్ బల్ల మీద పెట్టి, గుమ్మం దగ్గర ఆగి, "తాతగారిని అడిగానని చెప్పండి," అంది. ఎందుకో ఆ మాట చాలా మెల్లిగా అంది.

నిజం చెప్తే సీట్లు పోతాయి, తాతకిచ్చిన మాట పోతుంది, బ్రిన్ కూడా పోతుంది. చెప్పకపోతే బ్రిన్ వాళ్ల నాన్న సీటులో తను కూర్చోవాలి, పక్కన ఆమెను కూర్చోబెట్టుకోవాలని కలలు కంటూ. ఆ నాలుగు రోజులూ టేట్‌కి అన్నం సయించలేదు. షాపులో ఎవరో నీలం అడిగితే ఆకుపచ్చ కలిపిచ్చాడు.

సోమవారం టికెట్ ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డాడు.

"నేను ఒట్టో కుబిచెక్‌ని కాను," అన్నాడు.

అద్దం అవతల బ్రిన్ తలెత్తింది. "చూస్తే తెలుస్తోంది."

"ఫోన్లో కూడా కాను. తాత పోయి ఏడాది దాటింది. ఆ కబుర్లు ఆయనవే, గొంతు మాత్రం నాది. ఆ సీట్లు మీ నాన్నకివ్వండి."

ఆమె చేతిలో పెన్ను కింద పెట్టింది. ఆ కాసేపట్లో టేట్ మనసులో ఆమెను వంద సార్లు పోగొట్టుకున్నాడు.

"టోపీ మీద అంత దుమ్ము ఉంటే నాకు తెలియదనుకున్నావా?" అంది చివరికి. "అసలు ఎనభై తొమ్మిదేళ్లాయన ఫోను రెండో రింగుకే ఎలా ఎత్తుతాడు?"

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

"చెప్తే సీట్లు ఎవరికొస్తాయి? మా ఇంటికే. నిన్ను పట్టించి మా నాన్నకి సీటు సంపాదించుకోనా? చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినదాన్నవుతాను. గురువారం నుంచి నాకు నిద్ర లేదు. నువ్వు వస్తావా రావా అని ఒక భయం. రాకపోతే నువ్వు ఎలాంటివాడివో తెలిసిపోతుందని ఇంకో భయం."

"వచ్చాను."

"వచ్చావు. కానీ వారం వారం నాకు అబద్ధం చెప్పావు, టేట్. తెలుసుకున్నాక కూడా ఆ ముసలాయన మీద బెంగ తీరట్లేదు నాకు. ఇప్పుడు ఆ కబుర్లు ఎవర్ని అడగను?" ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. సంతకం పెట్టించుకోవడానికి ఆమె బదులు మేనేజరు వచ్చాడు.

వేసవి అంతా గోడ మీద ఫోను మోగలేదు. ఇక దాని అవసరం లేదు, తీయించెయ్యచ్చు. టేట్ తీయించలేదు. రోజూ ఒకసారి ఎత్తి, పనిచేస్తోందో లేదో చూసి పెట్టేసేవాడు.

సెప్టెంబరులో మొదటి ఆట. శనివారం పొద్దున ఫోను మోగింది. టేట్ దాదాపు కుర్చీ మీంచి పడ్డాడు. రెండో రింగుకే ఎత్తాడు.

"ఒట్టో కుబిచెక్ ఇల్లేనా?" మగ గొంతు, గరుగ్గా ఉంది.

టేట్ దగ్గలేదు. "ఆయన పోయారండీ. నేను మనవణ్ని."

"తెలుసు. అలా చెప్తావో లేదో అని అడిగా. నేను వెర్లిన్ లిండ్‌హోమ్‌ని. పన్నెండింటికల్లా ఉత్తరం గేటు దగ్గరుండు."

"ఎందుకండీ?"

"వచ్చాక చెప్తా." ఫోను పెట్టేశాడు.

టేట్ వెళ్లాడు. వెర్లిన్ తలుపంత మనిషి. చెయ్యి కలపలేదు, టికెట్ చేతిలో పెట్టి ముందు నడిచాడు. పాత వరుసే, పాత బెంచీయే, దాని మీద పెయింటుతో రాసిన పాత నంబర్లే. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మొదటి క్వార్టర్ అయిపోయింది, ఆయన మాట్లాడలేదు. ఒక కొంగ బంతిని జారవిడిచింది, అప్పుడూ మాట్లాడలేదు. చంపాలంటే ఇంతమంది మధ్య చంపడులే అని టేట్ తనకు తను ధైర్యం చెప్పుకున్నాడు.

"ఎండ ఎప్పుడు మొహమ్మీద పడుతుంది?" అన్నాడు వెర్లిన్ ఉన్నట్టుండి.

"మూడో క్వార్టర్‌లో అండీ. టోపీ ఎడమకి వంచుకోవాలి. తాత అలాగే వంచేవాడు."

"ఊఁ. నీ చోట నేనైతే సీట్లు వదిలేవాణ్ని కాదు. మా నాన్న పోయినా దగ్గుతూనే ఉండేవాణ్ని," అన్నాడు. "అదే మా అమ్మాయికి చెప్పా. మూడు నెలల నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు అది."

హాఫ్ టైం అయింది. మైదానం మధ్యకి ఎర్ర జాకెట్లు వేసుకున్న ముసలివాళ్లు నడిచారు. మైకులో ఒక్కో పేరే చదివారు. అందరివీ అయ్యాక మైకులో గొంతు మారింది. ఆ గొంతు టేట్‌కి తెలుసు.

"ఇంకొక్క పేరు. యాభై రెండేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న ఒట్టో కుబిచెక్ గారు. కిందటేడాది వసంతంలో వెళ్లిపోయారు. మంచులో బంతి కనపడని ఆటను కూడా ఆఖరిదాకా చూశారు."

స్టేడియంలో టోపీలన్నీ తలల మీంచి దిగాయి. ఒకడు మొదలుపెడితే వరుస వెంట వరుస, అవతలి ఒడ్డుదాకా. వెర్లిన్ కూడా తీశాడు. ఇన్నాళ్లూ ఇంట్లో తలుపులేసుకుని కూడా ఏడవని టేట్, అన్ని వేలమంది మధ్య మొహం చేతుల్లో పెట్టుకుని బావురుమన్నాడు. ఎవరూ ఎందుకని అడగలేదు.

తలెత్తేసరికి మెట్ల మీద బ్రిన్ నిలబడి ఉంది. ఆఫీసు చొక్కాలో, ఆయాసపడుతూ. ఆమె కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

"ఆయన వినుంటారంటావా?" అంది.

"విని, ఇక పెట్టెయ్ అనుంటాడు."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. మొదటిరోజు ఫోన్లో విన్న నవ్వే, ఇప్పుడు ఎదురుగా. టేట్ ఇక ఆగలేదు. "బ్రిన్, నువ్వంటే నాకిష్టం. ఇది నా గొంతే."

"తెలుసు. దగ్గు లేదుగా," అంది. బెంచీ వంక చూసింది. రెండు నంబర్లు, రెండు సీట్లు, రెండింట్లోనూ మనుషులు.

వెర్లిన్ టోపీ పెట్టుకుని, ఎడమకి వంచుకుని, మైదానం మీంచి చూపు తిప్పకుండానే బరువుగా ఒక జానెడు పక్కకి జరిగాడు.

"కూర్చోవే," అన్నాడు. "ఆట మొదలవుతోంది."