విస్తరి వేసింది ఎవరికి

జగ్గయ్యపేటలో ఎక్కడ ఏది తినాలో కుటుంబరావును అడిగితే చాలు, ఇంకొకరిని అడిగే పని లేదు. పప్పుల హోల్‌సేల్ దుకాణం ఆయన వృత్తి, తిండి ఆయన వ్యసనం. ఏ బండి దగ్గర పునుగులు వేడిగా దొరుకుతాయో, ఏ మెస్సులో పప్పుచారు నిన్నటిదో, ఎండలో ఎవరి గోలీసోడా హాయిగా గొంతు దిగుతుందో, చిల్లకల్లు దగ్గర హైవే మీద ఏ టీకొట్టువాడు పాలలో నీళ్ళు కలుపుతాడో, అన్నీ ఆయన నాలుక మీదే ఉండేవి. అందుకే రెండు రాష్ట్రాల కిరాణా వర్తకుల మహాసభ ఈ వేసవిలో పేటలోనే అని తేలినప్పుడు, వేదిక మీద ఎవరు కూర్చోవాలన్న దగ్గర తగువులు పడ్డారు గానీ, భోజనాలు ఎవరు చూడాలన్న దగ్గర ఒక్కరూ నోరెత్తలేదు.

సభకు వారం ఉందనగా ఫోన్లు మొదలయ్యాయి. ముందురోజే దిగేవాళ్ళు హాలు చుట్టుపక్కల ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి? కోదాడ ఆయన ఒకడు, "అన్నా, టిఫిన్ ఏడ మంచిగుంటది?" అన్నాడు. ఇంకొకాయనకు షుగరు, చక్కెర లేని టీ కావాలన్నాడు. మరికొందరు గొంతు తగ్గించి సాయంత్రం సంగతేమిటని అడిగారు. వాళ్ళకు హైవే వైపు దారి చూపించాడు. అందరికీ ఓపిగ్గా చెప్పాడు. చెప్పినదంతా పాత జ్ఞాపకమేనని మాత్రం ఎవరితోనూ అనలేదు.

కరోనా జ్వరం తగ్గి మంచం దిగిన రోజు నుంచి కుటుంబరావుకు వాసన లేదు, రుచి లేదు. కొన్నాళ్ళకు వస్తాయన్నారు డాక్టర్లు. అందరికీ వచ్చాయి, ఈయనకు రాలేదు. అన్నం మెత్తగా ఉంటుంది, అప్పడం చప్పుడు చేస్తుంది, కాఫీ వేడిగా ఉంటుంది. అంతే. ఆకలి రుచెరగదంటారు గానీ, ఆయనకు ఆ ఆకలి కూడా పోయింది. గడియారం చూసి తినేవాడు. మొదట్లో ఏడ్చాడు. పోను పోను ఏడుపు కూడా చప్పబడిపోయింది.

ఈ సంగతి తెలిసింది భార్య నాగవల్లికి ఒక్కదానికే. ఒకరోజు ఆమె కావాలనే ఉప్పు వెయ్యకుండా పప్పు చేసి పెట్టింది. ఆయన తిని, బాగుందన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆ నాలుక ఒక్కటి తిరిగొస్తే జన్మలో ఇంకేమీ అడగనని ఆయన కనపడిన దేవుడికల్లా మొక్కాడు. ఏ దేవుడూ ఉలకలేదు, పలకలేదు.

తన మాట నమ్మి జనం వస్తున్నారు కదా, ఆ కొట్లన్నీ ఇంకా ఉన్నాయో లేదో చూసొద్దామని ఒక మధ్యాహ్నం బయల్దేరాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. సున్నపురాయి లారీలు లేపిన తెల్లటి దుమ్ము గుమ్మాల మీదా, చెట్ల మీదా పేరుకుని ఉంది. దుకాణాలవాళ్ళు షట్టర్లు సగానికి దించి కునుకు తీస్తున్నారు. రోడ్డు మీద కుక్క కూడా లేదు. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా తిరగొద్దని పెద్దవాళ్ళు చెప్పేది ఒక్క వడదెబ్బకు భయపడి కాదు. ఆ మాట గుర్తొచ్చినా ఆయన పట్టించుకోలేదు. ఒకచోట గారె కొరికాడు, దూది నమిలినట్టుంది. ఒకచోట సోడా తాగాడు, ముక్కులోకి గాలి ఎగదన్నింది, అంతే. పాత బజారు వెనక సందులోకి మళ్ళి, నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

వాసన.

నేతిలో వేగిన మినపగారెల వాసన. దాని వెనకాలే నూరిన నువ్వుల వాసన. కుటుంబరావు గోడ పట్టుకుని నిలబడ్డాడు. తల తిరిగింది. ఇన్నాళ్ళ తర్వాత... మళ్ళీ పోతుందేమోనని ఊపిరి వదలడానికి కూడా భయం వేసింది. ముక్కు ఎటు లాగితే అటు నడిచాడు.

సందు చివర ఒక దొడ్డితలుపు ఓరగా తెరిచి ఉంది. అది కన్యకాపరమేశ్వరమ్మగారి ఇల్లు. ఆమె భర్త పసుపు వ్యాపారి, పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. పిలుద్దామని నోరు తెరిచాడు. నోటి నిండా నీళ్ళూరి ఉన్నాయి. పిలవలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.

గది చీకటిగా ఉంది. ఎండలోంచి వచ్చిన కళ్ళకు మొదట ఏమీ కనపడలేదు. పాత గోనెల ముక్కవాసన, కొట్టులో ఎప్పుడో నిలవున్న పసుపు వాసన, దీపం వత్తి కమురు ఒక్కొక్కటే వచ్చి తగిలాయి. తర్వాత గోడకు ఆనించిన ఫొటో కనపడింది. ఫొటో ముందు దీపం. దీపం ముందు నిండుగా వడ్డించిన విస్తరి. ఇంట్లోకి వెళ్ళే తలుపు మూసి ఉంది.

తద్దినం. పోయినాయనకు వడ్డించి, తలుపు మూసి, ఇంటిల్లిపాదీ అవతలికి వెళ్ళిపోతారు. ఆయన వచ్చి తిని వెళ్ళేదాకా ఎవరూ తొంగి చూడకూడదు. కుటుంబరావు ఇంట్లోనూ ఆ ఆచారం ఉంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలని ఆయనకు తెలుసు. కాళ్ళు కదల్లేదు. ఒక్క ముక్క, అనుకున్నాడు.

గారె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు తగిలింది. అల్లం తగిలింది. మిరియపుగింజ పంటికింద చిట్లింది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే విస్తరి ముందు చతికిలబడ్డాడు. పెసరపప్పు, అరటికాయ కూర, నువ్వుపచ్చడి... సిగ్గు విడిచి, చప్పుడు కాకుండా తిన్నాడు. అంత సంతోషం ఆయనకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

"వచ్చారా?"

మూసిన తలుపు అవతల నుంచి. గుసగుసగా. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"అలికిడి వినపడింది లెండి. నెమ్మదిగా తినండి... నేను తలుపు తియ్యను."

మాట్లాడితే దొంగ. మాట్లాడకపోతే ఆవిడ మొగుడు. కుటుంబరావు ఊపిరి బిగబట్టాడు. ముసలావిడ తలుపుకు ఆనుకుని కూర్చున్నట్టుంది, చీర చెక్కకు రాసుకుంటోంది. అదే గుసగుసతో ఏడాది కబుర్లన్నీ చెప్పుకొచ్చింది. మోకాళ్ళ నొప్పులు, పసుపు ధర, కోడలి కోపం. పిల్లలు పలకరించడం మానేశారంది. పరమాన్నంలో బెల్లం తక్కువ పడిందేమోనంది.

పరమాన్నం... ఆయన ఇంకా దాని జోలికి పోలేదు. విస్తరి వైపు చూశాడు. ఆ మూల ఖాళీగా ఉంది. నాకేసినట్టు ఉంది. అంటుకున్న నేతిలో వేళ్ళ చారలు. తన వైపు నుంచి కాదు... ఫొటో వైపు నుంచి.

గాలి లేదు. దీపం కదల్లేదు. ఎవరో నములుతున్న చప్పుడు. తన దవడలు ఆగి చాలాసేపయింది.

"తృప్తేనా?" అంది ఆవిడ.

"ఊఁ."

ఆ ఊఁ అన్నది తనో కాదో కుటుంబరావుకు ఈ రోజుకీ తెలియదు. ఎలా బయటపడ్డాడో కూడా గుర్తులేదు. కాలుతున్న సందుల్లో ఉత్తకాళ్ళతో ఇల్లు చేరాడు. పాదాలు బొబ్బలెక్కాయని నాగవల్లి చూసి చెప్పేదాకా తెలియలేదు.

మర్నాటికల్లా పేటంతా పాకింది. ఈ ఏడు తన భర్త వచ్చి కడుపునిండా తిన్నాడనీ, ఊఁ అన్నాడనీ, చెప్పులు కూడా మర్చిపోయి వెళ్ళాడనీ కన్యకాపరమేశ్వరమ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పి, ఆ చెప్పులు చూపిస్తోందట. జనం నవ్వుకున్నారు. కుటుంబరావు కూడా నవ్వాడు. ఆ రాత్రి గారెలు వెయ్యమని నాగవల్లిని అడిగాడు. ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడమే మహాభాగ్యమని ఆమె పొయ్యి దగ్గర నిలబడి గంపెడు వేసింది. ఒకటి కొరికాడు. మళ్ళీ దూది.

రెండు రోజులకు నందిగామలో దూరపు చుట్టాల ఇంట్లో పెద్దకర్మ. షామియానా కింద బంతిలో కూర్చుని పెట్టినవన్నీ మింగాడు. దేనికీ రుచి లేదు. దొడ్డిగోడ మీద నుంచి మాత్రం ఘుమఘుమలాడుతూ వాసన వచ్చింది. అక్కడ కాకికి విస్తరి పెట్టి ఉంది. ఇంటివాళ్ళు చేతులు జోడించి, చిన్నపిల్లను మేం చూసుకుంటామని చచ్చినాయనకు మెల్లగా మాటిస్తున్నారు. కాకి గోడ మీదే ఉంది. ముట్టలేదు. వాళ్ళు చూసి చూసి విసిగి లోపలికి వెళ్ళిపోయారు. కుటుంబరావు వెళ్ళి తిన్నాడు. ఒక్కొక్క మెతుకూ అమృతంలా ఉంది. ఆయన చెయ్యి తుడుచుకుని తప్పుకున్నాక కాకి కిందికి దిగి మిగిలింది తిన్నది.

అప్పటికి సంగతి పూర్తిగా తెలిసింది. లోకంలో ఇక తన నాలుకకు అందే తిండి ఒక్కటే, పోయినవాళ్ళకు పెట్టింది. భయపడాలని ఆయనకు తెలుసు. భయం వచ్చింది గానీ అది కూడా చప్పగానే ఉంది. ఇంటికెళ్ళేసరికి నాగవల్లి ఆయన వేళ్ళు వాసన చూసుకోవడం గమనించింది.

"ఎక్కడ తిన్నారండీ?" అంది.

"కర్మ భోజనమే కదా, బంతిలో," అన్నాడు.

సభరోజు రానే వచ్చింది. ఊరి చివర ఫంక్షన్ హాలు కార్లతో, జనంతో నిండిపోయింది. వంట పెనుగంచిప్రోలు బుల్లిబాబుది. కుటుంబరావు రుచి చూసి వడ్డించమనేదాకా గిన్నె కదిలించడం ఆ వంటవాడికి అలవాటు లేదు. ఇన్నాళ్ళూ కుటుంబరావు కూర రంగు చూసి, బుల్లిబాబు మొహం చూసి, ఒక చిటికె తగ్గిందనో సరిపోయిందనో అంటూ నెట్టుకొచ్చాడు. పొద్దున ఉప్మా నోట్లో వేసుకున్నాడు. రుచి లేదు. ప్రాణం కుదుటపడింది. బాగుందన్నాడు.

మధ్యాహ్నం ఉపన్యాసాలు అయ్యాయి. కుటుంబరావు వంటశాల వైపు నడిచాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

వాసన వస్తోంది.

బుల్లిబాబు గరిటెతో గుత్తివంకాయ కూర తీసి అరచేతిలో వేశాడు. కుటుంబరావు నోట్లో పెట్టుకున్నాడు. వంకాయ వెన్నలా కరిగింది. వెల్లుల్లి, ధనియాలు, ఎండుకొబ్బరి, అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. పప్పుచారు చూశాడు. పులుపు పళ్ళకు తగిలింది. దోసావకాయ, పెరుగు, వట్టి అన్నం... అన్నిటికీ రుచి ఉంది. తద్దినాల్లో వంకాయ వండరు, వెల్లుల్లి వెయ్యరు. ఇది తద్దినం వంట కాదు. ఇక్కడ పోయినవాళ్ళు ఎవరూ లేరు.

హాల్లోకి చూశాడు. వరసలు వరసలుగా జనం కూర్చుని ఉన్నారు. కోదాడ ఆయన ఉన్నాడు. షుగరు ఆయన ఉన్నాడు. ఆడవాళ్ళ వరసలో నాగవల్లి ఉంది. అందరి ముందూ ఆకులు వేశారు.

"ఎవరి కోసం వండావు బుల్లిబాబూ?"

బుల్లిబాబు నవ్వాడు. "అదేం మాటండీ శెట్టిగారూ. అక్కడ కూర్చున్నోళ్ళ కోసమే."

పోయినవాళ్ళకు పెట్టిందే కదా తన నాలుకకు తెలిసేది, అనుకుంటూ కుటుంబరావు మళ్ళీ ఆ వరసలవైపు చూశాడు. ఆపెయ్... అనాలి. వంట పారబొయ్... అనాలి. ఎందుకని అడుగుతారు. రుచిగా ఉంది కాబట్టి అని చెప్పాలా? సంఘం కార్యదర్శి శ్రీకర్ వచ్చి, జనం ఆకుల ముందు ఎదురుచూస్తున్నారన్నాడు. తినబోతూ రుచులెందుకు బాబాయ్ అని హాస్యమాడాడు. బుల్లిబాబు గరిటె పట్టుకుని ఆయన నోటివంకే చూస్తున్నాడు. ఆ నోట్లో ఇంకా వంకాయ కారం చురచురమంటోంది. ఇది పారబోస్తే మళ్ళీ ఎప్పుడు... ఎవరింట్లో... ఎవరు పోతే...

"వడ్డించండి," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "నాకూ ఒక ఆకు వెయ్యండి," అన్నాడు.

వెళ్ళి నాగవల్లి పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ చివరి బంతిలో తినే మనిషి మొదటి బంతిలో కూర్చునేసరికి ఆమె వింతగా చూసింది. వేడన్నంలో పప్పుచారు పోసుకుని ఆయన గబగబా తినడం చూసింది. చెంపల మీద నీళ్ళు చూసింది.

"తెలుస్తోందా?" అంది, చాలా చిన్నగా.

ఆయన తలూపాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నవ్వి, తన అన్నం కలుపుకుంది. ఆ చెయ్యి పట్టుకుని ఆపుదామనుకున్నాడు కుటుంబరావు. కుడిచెయ్యి అన్నంలో ఉంది. ఎడమచెయ్యి ఎందుకో లేవలేదు. ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

పైన ఫాన్లు తిరుగుతున్నాయి. అంతసేపూ గోలగోలగా ఉన్న హాల్లో, తినడం మొదలయ్యాక ఒక్కరు కూడా మాట్లాడటం లేదు. వడ్డించేవాడు ఎదురుగా వచ్చి ఆగాడు. కుటుంబరావు ఇంకొంచెం కూర వేయించుకున్నాడు.