ఎలక ఎవరిది?

“మీ ఎలకని మీరు పట్టుకెళ్తారా, లేదా?”

పొద్దున్నే తలుపు తీసిన తారక్‌కి ఎదురుగా పావని నిలబడి ఉంది. ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో కొరికేసిన చున్నీ. వెనక పోర్షన్లోకి ఈమధ్యే అద్దెకి దిగిన టీచరమ్మ. కోపంతో ముక్కు కొస ఎర్రబడి ఉంది. ఆ ముక్కు చూసి మనవాడు చెప్పాల్సింది మర్చిపోయాడు.

“మా ఎలకేటండీ? దాని మీద మా ఇంటిపేరుందా?”

“మీరు బెల్లం మార్కెట్లో గుమాస్తా. ఇంటినిండా బెల్లం వాసన. మరి ఎలక మీది కాక ఎవరిదండీ?”

పాత పెంకుటిల్లు. మధ్య గోడ కప్పుదాకా లేదు. ఇటు చీమ చిటుక్కుమన్నా అటు వినబడుతుంది. ఎలకకైతే అది రాజమార్గం.

“ఆదివారం మా నాన్న మాకవరపాలెం నుంచి వత్తన్నారు. అప్పటికీ ఎలకుంటే నన్ను హాస్టల్లో పడేస్తారు.”

తారక్ గుండెల్లో రాయి పడింది. పిల్ల వెళ్లిపోవడమా? సాయంత్రానికల్లా బోను తెచ్చాడు. అనకాపల్లిలో బోనుకి ఎర ఏం పెడతారు? బెల్లమే. కొత్త దిమ్మలోంచి మంచి ముక్క కొట్టి తెచ్చి కొక్కేనికి గుచ్చి, బోను పావని వంటింట్లో పెట్టాడు.

తెల్లారేసరికి బెల్లం లేదు, ఎలకా లేదు. బోను తలుపు తెరిచే ఉంది.

“చాలా తెలివైన ఎలకండి,” అంది పావని, మహా సీరియస్‌గా.

మర్నాడూ అంతే. రోజూ సాయంత్రం కొత్త ముక్క, దానితోపాటు టీ, కబుర్లు. ఎర పెట్టడానికి ఎంతసేపు పట్టాలి? ముసురు రోజులేమో, వీళ్లకి వాన వెలిసేదాకా పట్టేది. గోడవతల నుంచి తారక్ తల్లి సింహాచలం ఉండబట్టలేక అరిచింది.

“ఒరే, ఎలకని పట్టడానికి అన్ని నవ్వులేటిరా?”

శనివారం ఎర పెట్టి బయటికొచ్చిన తారక్ గొడుగు కోసం మళ్లీ వెనక్కి వెళ్లాడు. పావని బోను ముందు కూర్చుని ఉంది. ఒక చేత్తో తలుపు పడకుండా పట్టుకుని, రెండో చేత్తో బెల్లం తీసి నోట్లో వేసుకుంది. తలెత్తి చూసింది. బుగ్గ ఇంత లావున ఉంది.

“అమ్మ బాబోయ్! ఇన్నాళ్లూ తింటన్నది మీరా?”

“ఎలక దొరికిపోతే మీరు రారు కదండీ,” అంది, నమలకుండానే.

“దొరక్కపోతే మీరెళ్లిపోతారు కదండీ!”

పావని బెల్లం గుటుక్కున మింగేసింది. “రోజూ మర్నాడు సాయంత్రం మీరొత్తారా రారా అనే ఆలోచించేను. ఆదివారం సంగతి మర్చిపోయేను.”

“నాకు మీరంటే చాలా ఇష్టమండీ,” అనేశాడు తారక్. అన్నాక భయం వేసింది. పావని నవ్వేసింది. ఆ నవ్వుకి భయం సగం పోయింది. మిగతా సగం ఆదివారం బస్సు దిగింది.

పావని నాన్న త్రినాధరావు చెరకు రైతు. మాట తక్కువ మనిషి. గుమ్మంలోకి వస్తూనే, “ఎలక పోనాదా?” అన్నాడు.

“పోలేదు నాన్నా. అయినా నేనిక్కడే ఉంటాను.”

“బల్లిని సూత్తేనే మంచమెక్కేత్తావు. నువ్వు ఎలకతో ఉంటావా? బట్టలు సర్దు.”

“మేం పట్టేత్తామండీ, ఒక్క వారం...” అని పక్కనే నిలబడ్డ తారక్ అంటుండగానే ఆ దొంగముండ ఎలక ముగ్గురి మధ్యనుంచీ తుర్రుమంది.

పావని కెవ్వుమంది. కళ్లు గట్టిగా మూసుకుని, దొరికిన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. కళ్లు తెరిచి చూస్తే అది తారక్ చెయ్యి. నాన్న ఇటుపక్కే, ఇంకా దగ్గరగా ఉన్నాడు.

త్రినాధరావు ఖాళీగా ఉన్న తన చేతిని ఓసారి చూసుకున్నాడు. చిన్నప్పట్నుంచీ ఆ పిల్ల భయపడి పట్టుకున్నది ఆ చేతినే. పావని తారక్‌ని వదిలేసి తల దించుకుంది. 

“మీ అమ్మకి ఫోన్ చెయ్యి. రేపొద్దున్నే రమ్మను,” అన్నాడు త్రినాధరావు చివరికి.

“ఎందుకు నాన్నా?”

“సంబంధం నేనొక్కడినే మాటాడేసి ఎల్తే, నన్ను ఇంట్లోకి రానిత్తాదేటి?”