పేరు చివర ఖాళీ గడి

జువ్వలదిన్నెలో మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వీధి కాసేపు సద్దుమణుగుతుంది. అబిగయీలు తన పని ఆ వేళకే పెట్టుకుంటుంది. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని పక్కనే కటింగ్ మిషన్. పుట్టినరోజు వేదికలకి, చర్చిలో పెళ్ళిళ్ళకి స్టిక్కరు షీట్ల మీద పేర్లు కోసి ఇస్తుంటుంది.

ఆ రోజు మాత్రం ఇంటి పనే. భర్త ఫ్రెడ్డీ దక్షిణాన ఏదో పల్లె నుంచి పాత ఫైబర్ బోటు కొనుక్కొచ్చాడు. మర్నాడు పాస్టరుగారు ప్రార్థన చేస్తే సముద్రంలోకి దించాలి. అందాకా కాలవ గట్టున కట్టేశారు. బోటుకి కూతురు షారన్ పేరే పెడుతున్నారు. ఆ బిడ్డకి మూడేళ్ళు. లోపలి గదిలో నాయనమ్మ మగ్దలీనమ్మ పక్కన నిద్రపోతోంది.

అబిగయీలుకి నచ్చిన ఇంగ్లీషు ఫాంటులో చివరి అక్షరానికి పొడవాటి తోక ఉంటుంది, అల లేచి వెనక్కి తిరిగినట్టు. అలాంటి అలంకారపు అక్షరాలు కీబోర్డు నొక్కితే రావు. ఫాంటు తాలూకు పట్టిక తెరిచి, కావాల్సిన అక్షరాన్ని కాపీ చేసి, మిషన్ సాఫ్ట్‌వేర్‌లో అతికించాలి. అతికించగానే కనిపించేది ఖాళీ గడి. ఫాంటు మార్చాకే ఆ గడి అక్షరమవుతుంది.

ఆమె అతికించింది ఒక్కటే. గడులు రెండు వచ్చాయి.

రెండోదాన్ని చెరిపేసింది. మళ్ళీ వచ్చింది. ఫాంటు మార్చింది. మొదటి గడి తోక విప్పుకుని అందంగా వాలింది. రెండోది గడిగానే ఉండిపోయింది. 'ఉంటే ఉండనీ, మామూలుగా వచ్చేదేగా' అనుకుని మిషన్ నడిపించింది.

బయట మబ్బు పట్టింది. గదిలో వెలుతురు బూడిదరంగుకి తిరిగింది. బ్లేడు పేరంతా కోసి, తోక చివరిదాకా జారి వెళ్ళింది. అక్కడ ఆగాలి. ఆగలేదు. కిందికి దిగి చిన్న చిన్న గీతలు కోయసాగింది. గర్... గర్... చెక్క మీద గోళ్ళతో గీకినట్టు. ఎక్కణ్ణించో నాచు వాసన, ఎన్నాళ్ళో నీళ్ళలో నానిన వల వాసన. కిటికీ మూసింది. వాసన తగ్గలేదు.

మిషన్ ఆగాక షీటు బయటికి లాగింది. పేరు సరిగ్గానే తెగింది. దాని కింద ఏవో వంకరముక్కలు. కొక్కెం సూదితో ఒక్కొక్కటే లేపింది. గుడి, ఏత్వం, కొమ్ము... అన్నీ తెలుగు గుర్తులే. ఈ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు కొడితే గుణింతాలు అక్షరాల నుంచి ఊడిపోయి ఇలాగే విడివిడిగా పడతాయి. కానీ తను తెలుగు కొట్టలేదే.

ముక్కల్ని బల్ల మీద ఒకదానికొకటి చేర్చింది. అవి మాటలయ్యాయి.

నేను దిగలేదు.

"అత్తా..." లోపలి గది వైపు తిరిగి పిలిచింది. "అత్తా, ఒకసారి రా."

మగ్దలీనమ్మ వచ్చి, బైబిలు చదివినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "ఎవురి మాట అమ్మే ఇది?"

"నేను కొట్టలేదత్తా."

పెద్దావిడ ఆ ముక్కల మీంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. "పాత బోటు గదా, దాంట్లోంచి ఎవురు దిగలేదో! ఎందుకు అమ్ముతా ఉండారని ఫ్రెడ్డీ అడగను కూడా లేదు. ఫోన్ చెయ్యి. ముందు వాడికి ఫోన్ చెయ్యి."

ఫ్రెడ్డీ వెంటనే ఎత్తాడు. వెనక నీళ్ళ చప్పుడు.

"మామా, యాడుండావు?"

"బోటులో. ఇంజను తుడస్తా ఉండా."

"ఒక్కడివేనా?"

"నువ్వు పంపినావు గదా మనిషిని, పేరు అంటించేదానికి. ముందర కూర్చోని పాత రంగు గీకతా ఉండాడు."

ఆమె ఫోను చెవికి అదుముకుంది. ఫోన్లో వినిపిస్తోంది... గర్... గర్...

"మామా," అంది గుసగుసగా. "నేనెవర్నీ పంపలేదు. ఆయన వైపు చూడబాక. దిగు. దిగి ఇంటికొచ్చెయ్."

గీకుడు ఆగిపోయింది. తర్వాత ఫోనూ ఆగిపోయింది.

అత్తాకోడళ్ళు వాకిట్లో నిలబడ్డారు. మగ్దలీనమ్మ పెదాలు ప్రార్థనలో కదులుతూనే ఉన్నాయి. వీధి చివర ఫ్రెడ్డీ కనిపించేసరికి అబిగయీలు మెట్టు మీదే కూలబడింది. అతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా పొడిగా ఉంది. అతను గుమ్మం ఎక్కుతుండగా మొదటి చినుకు పడింది.

"ఎవురబ్బీ వాడు?" అంది తల్లి.

"మొహం చూళ్ళేదుమా. వీపే. ఒళ్ళంతా నీళ్ళు కారతా ఉండాయి. వాన ఇప్పుడే గదా మొదలైంది..." ఫ్రెడ్డీ ఆయాసపడ్డాడు. "నేను గట్టు మీదికి దూకితే వెనకనే ఇంకో దూకు వినబడింది. నాతోబాటే దిగినాడు. తిరిగి చూస్తే యాడా లేడు."

"ఏమన్నా మాట్లాడినాడా?" అంది అబిగయీలు.

ఫ్రెడ్డీ లోపలి గది వైపు చూశాడు.

"నువ్వు ఫోన్ చేసేముందు ఒకే మాట అడిగినాడు. పాప నిద్ర లేచిందా అని."

ముగ్గురూ లోపలి గదిలోకి పరిగెత్తారు. దొడ్డి తలుపు గడియ వేసినట్టే ఉంది. మంచం మీద షారన్ గోడవైపు తిరిగి హాయిగా నిద్రపోతోంది. అబిగయీలు వంగి బిడ్డ తల మీద చెయ్యి వేసింది.

జుట్టు తడిసి ముద్దయింది. దిండు పొడిగా ఉంది.

మగ్దలీనమ్మ ఆ తడిని వేలితో తీసి నాలిక్కి రాసుకుంది. "ఉప్పగా ఉంది," అంది, ఎవరికీ వినపడనంత నెమ్మదిగా.

నిద్రలోనే షారన్ కొంచెం పక్కకి జరిగింది, ఎవరికో చోటిస్తున్నట్టు.